పాత కెమెరా షోరూం కౌంటర్లో ఉచితంగా ఏం చూసేవారు? అందులో ఎంతవరకు ఇంట్లో చేసుకోవచ్చు?

మీ ప్రశ్న ఇది: ఒకప్పుడు కంపెనీ షోరూంకి ఫిల్మ్ ఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్ గుండా వచ్చే బొమ్మనే లోపలి అద్దంతో కంటికి చూపే కెమెరా) తీసుకెళ్తే వారంటీ కాగితం కూడా అడగకుండా లోపలికి తీసుకెళ్లి, కాసేపట్లో సరిచేసి, చాలాసార్లు డబ్బు తీసుకోకుండానే చేతికిచ్చేవారు. ఇప్పుడు ఆ షోరూం లేదు, నాన్నగారి కెమెరా మాత్రం అల్మరాలోంచి బయటికి వచ్చింది. ఆ కాసేపట్లో వాళ్లు చేసిన పని ఏమిటి, అందులో మనకు చేతనయ్యేది ఎంత, కంపెనీలు అంత ఉదారంగా ఎలా ఉండగలిగాయి?

బయటికి కనిపించేది తుడవడం, కానీ అసలు పని కొలవడం. కౌంటర్ వెనక గదిలో షట్టర్ వేగం కొలిచే యంత్రం, లైట్‌మీటర్ సరిచూడడానికి తెలిసిన వెలుతురు ఇచ్చే పెట్టె, చాలా దూరపు వస్తువు మీద ఫోకస్ (ఇన్ఫినిటీ ఫోకస్) సరిగ్గా కుదురుతోందా అని చూసే కొలిమేటర్ అనే పరికరం ఉండేవి. వాటి ముందు ఒక్కో కెమెరాకి పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాల తర్వాత కెమెరాలో ఏది నమ్మవచ్చో, ఏది నమ్మకూడదో యజమానికి తెలిసేది. ఉచిత సేవలో విలువైన భాగం అదే. అందుకే ఆ కౌంటర్లు మూతపడడం నిజమైన లోటు. రిపేరు చేసేవాళ్లు ఇప్పటికీ దొరుకుతారు. అడగ్గానే కొలిచి చెప్పేవాళ్లే కరువయ్యారు.

మీరూ కొలతతోనే మొదలుపెట్టండి. స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే చేయాల్సిన పని ఇది.

లెన్స్ తీసి, వెనక తలుపు తెరిచి, కెమెరాని కిటికీ వైపు పట్టుకోండి. ఫోన్లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, వెనక నుంచి షట్టర్‌ని వీడియో తీయండి. ఒక సెకను పెడితే 240 ఫ్రేముల్లో వెలుతురు కనిపించాలి, 1/4కి 60, 1/8కి 30, 1/15కి 16, 1/30కి 8. ఏళ్ల తరబడి వాడని కెమెరాలో మొదట చెడేది ఈ నెమ్మది వేగాలే. వీటిని నడిపేది చిన్న గడియారం లాంటి పళ్లచక్రాల వరస, అందులో నూనె చిక్కబడుతుంది. ఒక సెకను అన్నది రెండు సెకన్లవుతుంది, లేదా మధ్యలో ఆగిపోయి, వేలు తగిలితే కదులుతుంది. నలభై యాభై సార్లు ఒక సెకను మీద ఆడిస్తే చాలావరకు కదలిక వస్తుంది. కానీ వారం తర్వాత మళ్లీ కొలవండి. మళ్లీ నెమ్మదిస్తే శుభ్రం చేసి కొత్త నూనె వేయాల్సిందే. అది మీ పని కాదు.

పై వేగాలకు ఫోన్ వీడియో చాలదు. 240 ఫ్రేముల్లో ఒక్కోటి దాదాపు 4.2 మిల్లీసెకన్లు, 1/1000 అంటే ఒక్క మిల్లీసెకను. దీనికి చవకైన దారి ఒక ఫోటోట్రాన్సిస్టర్‌ని (వెలుతురుకి స్పందించే చిన్న ఎలక్ట్రానిక్ సెన్సర్) కంప్యూటర్ మైకు ఇన్‌పుట్‌కి కలిపి, సౌండ్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లో వెలుతురుని అలగా చూడడం. సెకనుకు 44,100 శాంపిళ్లతో రికార్డు చేస్తే 1/1000కి 44 శాంపిళ్లు, 1/500కి 88 రావాలి. రెండు జాగ్రత్తలు పాటించండి. సెన్సర్ ముందు నల్ల కాగితంలో ఒక మిల్లీమీటరు రంధ్రం పెట్టండి. అలను అడుగున కాకుండా సగం ఎత్తు దగ్గర కొలవండి, లేకపోతే ప్రతి వేగమూ ఉన్నదానికంటే నెమ్మదిగా కనిపిస్తుంది. వెలుతురుకి ఎండో, బ్యాటరీ టార్చో వాడండి. కరెంటు బల్బులు మినుకుతాయి, ఆ మినుకు కొలతలో కలిసిపోతుంది.

ఫ్రేము మధ్యలో ఒక్కచోటే కొలిచి వదిలేయకండి. ఎడమ, మధ్య, కుడి మూడుచోట్లా కొలవండి. గుడ్డ తెరలున్న అడ్డం షట్టర్లో రెండు తెరలు ఒకదాని వెనక ఒకటి పరిగెత్తుతాయి. 36 మిల్లీమీటర్లు దాటడానికి సుమారు 12 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, 1/1000 దగ్గర ఆ రెండు తెరల మధ్య సందు దాదాపు 3 మిల్లీమీటర్లే. రెండో తెర కాస్త వేగంగా వచ్చి చివరికి అర మిల్లీసెకను ముందుకు చేరితే, ఆ చివర సందు 1.5 మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. అంటే ఫోటో ఒక పక్క పూర్తిగా ఒక స్టాప్ చీకటి (ఒక స్టాప్ తగ్గడమంటే వెలుతురు సగమవడం). నీలి ఆకాశం ఒకవైపు ముదురుగా పడితే కారణం సాధారణంగా ఇదే. లెన్స్‌ని అనుమానించకండి. మొదటి తెర బిగువు, రెండో తెర బిగువు వేర్వేరు స్ప్రింగులతో సరిచేస్తారు. కౌంటర్ వెనక టెక్నీషియన్ పై కవరో, కింది కవరో తీసి, స్ప్రింగుని అర చుట్టు తిప్పి, మళ్లీ యంత్రం మీద చూసి మూసేసేవాడు. పది నిమిషాల పని, కానీ యంత్రం లేకుండా చేయలేని పని. దాన్ని మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దు.

మూడో వంతు స్టాప్ తేడా ఎవరికీ కనిపించదు. పై వేగాల్లో అర స్టాప్ తేడా స్లైడ్ ఫిల్మ్ మీద కనిపిస్తుంది, నెగటివ్ ఫిల్మ్ భరిస్తుంది. 1/1000 అని రాసి ఉన్నది 1/700 ఇస్తే కంగారు పడక్కర్లేదు, నలభై ఏళ్ల కెమెరాకి అది మంచి ఆరోగ్యమే. మూడు చోట్లా ఒకే అంకె వస్తోందా అన్నదే ముఖ్యం.

ఇంట్లో ఇంకా పాత పిక్చర్ ట్యూబు టీవీ ఉంటే ఒక కిటుకు చెప్తాను, రిపేరు దుకాణాల్లో యంత్రం లేని రోజుల్లో బాగా వాడినది. 625 గీతల టీవీలో ఒక్కో గీతకి 64 మైక్రోసెకన్లు పడుతుంది. తెరిచిన కెమెరా వెనక నుంచి, 1/1000 పెట్టి, టీవీ వైపు చూస్తూ నొక్కితే దాదాపు 16 గీతల మందం ఉన్న వెలుగు పట్టీ కనిపిస్తుంది. అడ్డం షట్టర్లో ఆ పట్టీ వాలుగా ఉంటుంది. వాలుకి భయపడకండి. ఒక చివర మందంగా, మరో చివర సన్నంగా ఉంటేనే తెరలు తప్పినట్టు.

ఇక ఫోము. పాత కెమెరాకి ఉచిత సేవలో తప్పకుండా జరిగే పని ఇదే, ఇంట్లో నూటికి నూరుపాళ్లు చేసుకోగలిగిందీ ఇదే. వెనక తలుపు గాడుల్లో, కీలు దగ్గర, అద్దం పైకి వెళ్లి తగిలే చోట నల్లటి పాలియూరిథేన్ ఫోము ఉంటుంది. గాలిలోని తేమ దాన్ని మెల్లగా విరగ్గొడుతుంది. పది పదిహేనేళ్లకి మొదట పొడి అవుతుంది, తర్వాత తారులా కరుగుతుంది. వేలితో తాకితే నల్లగా సాగి, వేలిముద్రల గీతల్లోకి దిగిపోయి, సబ్బుకి కూడా లొంగదు. కలర్ నెగటివ్ ప్రింటుల్లో కీలు వైపు నారింజ రంగు మరకలు వస్తుంటే దోషం దీనిదే. అద్దం దగ్గరి ఫోము కరిగితే అద్దం పైనే అతుక్కుని వ్యూఫైండర్ చీకటైపోతుంది. అలాంటి కెమెరాని చాలామంది షట్టర్ పోయిందని పక్కన పడేస్తారు.

చేసే పద్ధతి: షట్టర్ తెరల మీద కాగితం కప్పి, అంచులకి తక్కువ జిగురున్న టేపు వేయండి. వెదురు పుల్ల కొన ఉలిలా చెక్కి పాత ఫోము గీకండి. లోహపు పనిముట్లు గాడి పెయింటుని తీసేస్తాయి, అక్కడ మెరిసే లోహం మళ్లీ వెలుతురుని వెనక్కి కొడుతుంది. మిగిలిన జిగటకి ఐసోప్రొపైల్ ఆల్కహాలు పుల్లకి చుట్టిన దూదికి తడిపి వాడండి, కెమెరాలోకి నేరుగా పోయకండి. తడి చేసి రెండు నిమిషాలు వదిలేస్తే తారు దానంతటదే మెత్తబడుతుంది. ఒక కెమెరాకి ఇరవై ముప్పై దూది పుల్లలు తేలిగ్గా అయిపోతాయి.

కొత్త ఫోము మందం చాలా మోడళ్లలో గాడులకి 1.5 మిల్లీమీటర్లు, అద్దానికి 2 నుంచి 3 మిల్లీమీటర్లు. ఎక్కువ మందం పెడితే తలుపు గొళ్లెం పడదు, అద్దం పూర్తిగా పైకి చేరదు. వెనక జిగురున్న ఫోముని పెట్టే ముందు ఆ జిగురు వైపు కొంచెం నీటితో తడపండి. అప్పుడు గాడిలో అటూ ఇటూ జరిపి సర్దుకోవచ్చు, ఆరాక పట్టుకుంటుంది. తడపకపోతే ఫోము సగం గాడిలో, సగం అంచు మీద అతుక్కుపోతుంది, పట్టీ వృథా. సన్నటి గాడుల్లో ఫోముకి బదులు నల్ల ఉన్ని దారం కుక్కినా వెలుతురు ఆగుతుంది, పైగా దారం కరగదు.

అద్దం దగ్గరి పనికి కెమెరాని లెన్స్ పెట్టే రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని చేయండి, నలకలు బయటికి రాలిపోతాయి. ఆ ఫోము పక్కనే ఫోకసింగ్ స్క్రీన్ (వ్యూఫైండర్లో కనిపించే బొమ్మ పడే పలక) ఉంటుంది. అది మెత్తటి ప్లాస్టిక్, దాని మీది గాట్లు కంటికి కనబడనంత సన్నవి. ఆల్కహాలు తగిలితే తెల్లగా మచ్చ పడి ఇక పోదు. అద్దం కూడా మామూలు అద్దం కాదు, మెరిసే పూత గాజుకి ముందు వైపే ఉంటుంది. ఈ రెండింటికీ రబ్బరు బుడ్డితో గాలి ఊదడం ఒక్కటే వైద్యం. డబ్బా గాలి వద్దు. డబ్బా వంగితే ద్రవం చిమ్ముతుంది, గాలి ఒత్తిడికి లోహపు షట్టర్ రేకులు వంగిపోతాయి.

బ్యాటరీ గది తెరిచి చూడండి. తెల్లటి పొక్కులుంటే ఆల్కలైన్ సెల్ కారింది. అది క్షారం కాబట్టి దూది పుల్లతో వెనిగరు రాసి, పొంగడం ఆగాక డిస్టిల్డ్ నీటి తడితో, చివరికి ఆల్కహాలుతో తుడవండి. పచ్చటి చిలుము పట్టిన రాగి పలకని పెన్సిలు రబ్బరుతో రుద్దితే చాలు. చిలుము తీగ వెంట లోపలికి పాకిందా అన్నది ముఖ్యం. గది శుభ్రంగా మెరుస్తున్నా మీటర్ కదలకపోతే లోపలి తీగని చిలుము తినేసి ఉంటుంది, అప్పుడు కింది కవరు తీసి తీగ మార్చాలి.

సెల్ విషయంలో మోడల్ చూసుకోవాలి. పెంటాక్స్ కె1000కి ఎల్‌ఆర్44 సైజు సెల్ ఒకటి, నికాన్ ఎఫ్‌ఎం2కి అలాంటివే రెండు. ఈ రెండింట్లో సెల్ లేకపోయినా షట్టర్ పనిచేస్తుంది. 1976లో వచ్చిన కానన్ ఏఈ-1కి 6 వోల్టుల సెల్ లేకపోతే షట్టర్ అసలు కదలదు, కాబట్టి చనిపోయిందని తేల్చే ముందు కొత్త సెల్ వేసి చూడండి. నొక్కినప్పుడు దగ్గులాంటి కీచు శబ్దం వస్తే అద్దం వేగాన్ని అదుపు చేసే పళ్లచక్రం దగ్గర నూనె ఎండిపోయిందని అర్థం. తెలిసినవాళ్లు పొడవాటి సూదితో ఒక్క చుక్క అక్కడికి చేరుస్తారు. కె1000 మీటర్‌కి స్విచ్ లేదు, లెన్స్ మూత పెట్టకపోతే సెల్ ఖర్చవుతూనే ఉంటుంది.

ఒలింపస్ ఓఎం-1, యాషికా మ్యాట్ 124జి లాంటివి 1.35 వోల్టుల పాదరసం సెల్ కోసం తయారయ్యాయి. ఆ సెల్ ఇప్పుడు తయారీలో లేదు. అదే ఆకారంలో దొరికే 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే మీటర్ వెలుతురు ఎక్కువ ఉందని చెబుతుంది, ఫోటోలు చీకటిగా వస్తాయి. పైగా ఆల్కలైన్ వోల్టేజి వాడేకొద్దీ జారుతుంది, తప్పు కూడా రోజుకో రకంగా మారుతుంది. చెవి మిషన్లలో వేసే 675 జింక్-ఎయిర్ సెల్ 1.4 వోల్టులు ఇస్తుంది. చుట్టూ రబ్బరు రింగు పెట్టి వేసుకుంటే సరిపోతుంది, స్టిక్కర్ తీశాక కొన్ని వారాలో, నెలలో పనిచేస్తుంది. శాశ్వతంగా కావాలంటే సిల్వర్ ఆక్సైడ్ సెల్, తీగలో ఒక షాట్‌కీ రకం డయోడు (వోల్టేజిని కాస్త తగ్గించే చిన్న భాగం). పెంటాక్స్ స్పాట్‌మ్యాటిక్‌కి ఈ బాధ లేదు, దాని బ్రిడ్జి సర్క్యూట్ వోల్టేజి తేడాని తట్టుకుంటుంది. ఏ సెల్ వేసినా నిండు ఎండలో ఒకసారి సరిచూడండి. ఫిల్మ్ సున్నితత్వం 100 ఐఎస్‌ఓ పెడితే, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/16 దగ్గర 1/125కి కాస్త అటూ ఇటూ చూపించాలి.

లెన్స్‌కి రెండే పరీక్షలు. ఎపర్చర్ ఎఫ్/16లో పెట్టి, వెనక మీట నొక్కి వదలండి. రేకులు టక్కున కదలాలి. బద్ధకంగా కదిలితే ఫోకస్ గొట్టంలోని గ్రీజు నుంచి నూనె విడిపోయి రేకుల మీదికి వచ్చింది. ఎస్‌ఎల్‌ఆర్‌లో దీని ఫలితం ఓవర్ ఎక్స్‌పోజర్, రేకులు మూసుకునేలోపే షట్టర్ తెరుచుకుంటుంది కాబట్టి. తర్వాత ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి వాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే బూజు. దుమ్ము చుక్కలకి భయపడక్కర్లేదు, బూజుని మాత్రం వాయిదా వేయకూడదు. అది వదిలే ఆమ్లం గాజు మీది పూతని తినేస్తుంది, తర్వాత తుడిచినా పోగుల ఆకారం మచ్చగా మిగిలిపోతుంది. గాలిలో తేమ 60 శాతం దాటిన చోట, ముఖ్యంగా తోలు కేసులో మూసి ఉంచితే ఇది ఖాయం. తోలు కేసుని కెమెరా నుంచి విడిగా ఉంచండి. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్‌తో 40-50 శాతం దగ్గర పెట్టండి. జెల్ రంగు మారినప్పుడు ఓవెన్‌లో 110-120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది.

ఎక్కడ ఆగాలో కూడా చెప్పాలి. సొంత ఫ్లాష్ ఉన్న చిన్న కెమెరాలు విప్పకండి. వాటి కెపాసిటర్లో 300 వోల్టుల పైన ఉంటుంది, సెల్ తీసేసిన తర్వాత కూడా నిలిచి ఉంటుంది. కుట్టుమిషను నూనె, తుప్పు వదిలించే స్ప్రే షట్టర్లోకి ఎప్పుడూ కొట్టకండి. ఆ రోజు బాగానే కదులుతుంది, తర్వాత ఆ నూనె పాకి రేకుల మీద చేరి, దుమ్ము పట్టి, మొత్తం బిగుసుకుంటుంది. జపాన్ కెమెరాల స్క్రూలు మామూలు ప్లస్ గుర్తువి కావు, జేఐఎస్ అనే జపాన్ పారిశ్రామిక ప్రమాణానివి. మామూలు ఫిలిప్స్ డ్రైవర్ కొన అందులో పూర్తిగా కూర్చోదు, తల అరిగిపోతుంది. పై కవరు కింద కొన్ని ముక్కలకి ఎడమ మరలు ఉంటాయి, మామూలు దిక్కులో బలం పెడితే విరుగుతాయి.

కంపెనీలు అంత ఉదారంగా ఎలా ఉండగలిగాయన్నది కూడా మీ ప్రశ్నలో ఉంది. ఆ కెమెరాలు ముక్కలు మార్చేవి కావు, సర్దేవి. 1959 నాటి నికాన్ ఎఫ్ నుంచి 1982లో వచ్చిన ఎఫ్‌ఎం2 వరకు, లోపల ఎక్కడికక్కడ స్ప్రింగు బిగువో, వంకర ఇరుసున్న స్క్రూనో తిప్పి సరిచేసే ఏర్పాటు ఉంది. టెక్నీషియన్ పది నిమిషాల సమయం తప్ప కంపెనీకి పెద్దగా పోయేది లేదు. కొన్నవాళ్లు అదే బాడీని ఇరవై ఏళ్లు వాడి, దానికి మళ్లీ మళ్లీ లెన్సులు కొనేవారు. ఒకే మోడల్ ఏళ్ల తరబడి తయారయ్యేది, కె1000 అయితే 1976 నుంచి 1997 వరకు, కాబట్టి విడిభాగాలు డ్రాయర్లో ఉండేవి. ఎలక్ట్రానిక్స్ పెరిగాక చెడిన బోర్డుని సర్దలేం, మార్చాలి. తయారీ ఆగిన కొన్నేళ్లకి విడిభాగాలూ ఆగిపోయాయి. 2006లో కొనికా మినోల్టా కెమెరాల వ్యాపారం నుంచే తప్పుకుంది, నికాన్ ఆ ఏడాదే ఫిల్మ్ కెమెరాలను చాలావరకు ఆపేసింది. ఇప్పుడు పనిచేసే మెకానిక్కులు చాలావరకు పాడైన మరో బాడీ నుంచి ముక్కలు తీసి వేస్తున్నారు.

అలాంటి మెకానిక్ దగ్గరికి పంపేటప్పుడు చీటీ మీద "సర్వీస్ చేయండి" అని రాయకండి. "1 సెకను రెండు సెకన్లు వస్తోంది, 1/1000 కుడివైపు చీకటి, మీటర్ ఒక స్టాప్ ఎక్కువ" అని రాయండి. పని ముందూ తర్వాతా షట్టర్ కొలతలు రాసిమ్మని అడగండి. కొలిచే యంత్రం ఉన్నవాళ్లు ఆ అంకెలు సంతోషంగా ఇస్తారు. ఇవ్వలేనివారి దగ్గర షట్టర్ పని చేయించకండి. మార్చిన పాత ముక్కలు తిరిగి తీసుకోండి.

కెమెరా చేతికొచ్చాక ఒక రోల్ పరీక్షకి కేటాయించండి. 100 ఐఎస్‌ఓ నెగటివ్ ఫిల్మ్, నీడలు పడని తేలిక మబ్బు వెలుతురు, ఒకే సాదా గోడ. 1/1000 ఎఫ్/2.8, 1/500 ఎఫ్/4, 1/250 ఎఫ్/5.6, 1/125 ఎఫ్/8, 1/60 ఎఫ్/11, 1/30 ఎఫ్/16. ఆరు ఫ్రేములకీ అందే వెలుతురు ఒక్కటే. కడిగించాక స్కాన్ చూసి తీర్పు చెప్పకండి, స్కానర్ తేడాలన్నీ తనే సమానం చేసేస్తుంది. నెగటివ్‌నే తెల్లటి వెలుతురు మీద పెట్టి చూడండి. ఆరూ ఒకే ముదురులో, ఒక్కోటీ ఈ చివర నుంచి ఆ చివర దాకా సమంగా ఉండాలి. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఖాళీ దాదాపు 2 మిల్లీమీటర్లు, రోల్ పొడుగునా ఒకేలా ఉండాలి. ఒకచోట విడిపోయి, మరోచోట ఫ్రేములు ఒకదానిమీదొకటి ఎక్కితే ఫిల్మ్ చుట్టే రీలు క్లచ్ జారుతోంది. ఆ నెగటివ్ ముక్కని కెమెరాతోపాటు మెకానిక్‌కి ఇవ్వండి.